అరువు తెర: టీవీకి కంప్యూటర్ తగిలించిన చరిత్ర, అందులో మన చోటు



అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ... మన గ్రూపులో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "లాప్‌టాప్ కొనే స్తోమత లేదు, మరి కంప్యూటర్ ఎట్ల నేర్చుకోవాలె?" కోచింగ్ సెంటరోళ్లు దీనికి ఒక జవాబు చెప్తారు, షాపోళ్లు ఇంకో జవాబు చెప్తారు. మేము హాస్టల్లో కూర్చుని చరిత్రలో జవాబు వెతికినం. పోస్ట్ పెద్దదే, కొంచెం ఓపిగ్గా చదవండి.

మాకు దొరికిన విషయం ఇది. కంప్యూటర్ మామూలు జనం ఇళ్లల్లోకి సొంత తెరతో రాలేదు. ఇంట్లో అప్పటికే ఉన్న టీవీని అరువు తీసుకుని వచ్చింది. తెర ఖర్చు తప్పింది కాబట్టి ధర దిగింది. ధర దిగింది కాబట్టి ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో ఉండే యంత్రం పిల్లల చేతికి వచ్చింది. కానీ అరువు తీసుకోవాలంటే ముందు ఇంట్లో టీవీ ఉండాలె కదా! వాళ్ల కథకూ మన కథకూ తేడా అక్కడే మొదలైంది.

తెర లేని కంప్యూటర్

1975 జనవరిలో అమెరికాలో 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' అనే పత్రిక అట్ట మీద ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ బొమ్మ వేశారు. సుమారు 400 డాలర్లు కడితే విడిభాగాలు పంపేవాళ్లు. సోల్డరింగ్ చేసి మనమే బిగించుకోవాలి. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందు వైపు స్విచ్చులు, ఎర్ర లైట్లు, అంతే. స్విచ్చులు పైకీ కిందికీ కొడుతూ ప్రోగ్రాం ఎక్కించాలి. ఏ లైట్లు వెలిగాయో చూసి జవాబు లెక్క కట్టుకోవాలి. అక్షరాల్లో జవాబు కావాలంటే కాగితం మీద టపటపా కొట్టే టెలిటైప్ యంత్రం కొనాలి. దాని ధర కంప్యూటర్ ధరనే మించిపోయేది. ఎద్దు కంటే పగ్గానికి ఎక్కువ పైసలు పెట్టినట్టన్నమాట.

అప్పటికి అమెరికాలో దాదాపు ప్రతి ఇంట్లో టీవీ ఉంది. దాన్ని వాడుకోవచ్చని ముందే కనిపెట్టినవాళ్లు ఇద్దరున్నారు.

ఒకరు రాల్ఫ్ బేయర్ అనే ఇంజినీర్. ఆయన చేసిన నమూనా మీదే 1972లో మాగ్నవాక్స్ కంపెనీ 'ఒడిస్సీ' అనే ఆట పెట్టెను అమ్మింది. అది కంప్యూటర్ కాదు. టీవీ మీద తెల్ల చుక్కలు, ఒక గీత కదిలేవి. మైదానం, రంగులు కావాలంటే వాటిని ముద్రించిన ప్లాస్టిక్ షీటును టీవీ అద్దానికి అంటించుకోవాలి. అయినా అది ఒక పెద్ద సంగతి రుజువు చేసింది. టీవీ అంటే స్టేషనోళ్లు పంపింది చూడడానికే కాదు, మనం పంపింది కూడా అది చూపిస్తుంది.

రెండోవారు డాన్ లాంకాస్టర్. 1973 సెప్టెంబర్ 'రేడియో ఎలక్ట్రానిక్స్' పత్రికలో ఆయన 'టీవీ టైప్‌రైటర్' గురించి రాశాడు. కీబోర్డు మీద కొట్టిన అక్షరాలు మామూలు టీవీ మీద కనిపిస్తాయి. వరుసకు 32 అక్షరాలు, మొత్తం 16 వరుసలు. పూర్తి నమూనా కావాలంటే రెండు డాలర్లు పంపమన్నారు. రేడియోలు రిపేరు చేసే అలవాటున్నవాళ్లు ఎంతోమంది తెప్పించుకున్నారు.

1976లో స్టీవ్ వోజ్నియాక్ తయారు చేసిన ఆపిల్ 1 వచ్చేసరికి ఈ రెండు దారులూ కలిశాయి. 666.66 డాలర్లకు ఇచ్చింది ఒక్క సర్క్యూట్ బోర్డే. కీబోర్డు, పెట్టె, తెర కొన్నవాళ్లే తెచ్చుకోవాలి. కానీ తెరకు బొమ్మ పంపే సర్క్యూట్ ఆ బోర్డులోనే ఉంది. టెలిటైప్ బాధ పోయింది.

యాంటెన్నా దారిలో

ఇప్పటి టీవీ వెనక చూస్తే నాలుగైదు రకాల రంధ్రాలుంటాయి. అప్పటి టీవీకి బయటి నుంచి బొమ్మ వెళ్లే దారి ఒక్కటే, యాంటెన్నా వైరు. ఆ దారిలో ఛానల్ తరంగం తప్ప ఇంకేదీ పోదు. అందుకని కంప్యూటర్ పంపే బొమ్మ సిగ్నల్‌ను ఒక ఛానల్ తరంగం మీద ఎక్కించే చిన్న రేకు డబ్బా తయారు చేశారు. దాని పేరు ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్. అంటే ఆ కంప్యూటర్ ఆ ఇంటి మట్టుకు ఒక బుల్లి టీవీ స్టేషన్ అయిపోయింది. అమెరికాలో టీవీని 3 లేదా 4 ఛానల్‌కు తిప్పితే కంప్యూటర్ కనిపించేది. బ్రిటన్‌లో 36వ ఛానల్ చుట్టుపక్కల.

ఇక్కడే చట్టం అడ్డం వచ్చింది. స్టేషన్ లాగా తరంగాలు పుట్టించే పెట్టె సరిగ్గా మూసి లేకపోతే పక్కింటోళ్ల టీవీలో గీతలు పడతాయి. అందుకని అమెరికాలో రేడియో తరంగాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ కఠినమైన నియమాలు పెట్టింది. ఒక్కో కంపెనీ ఒక్కో ఉపాయం పట్టింది. 1977లో వచ్చిన ఆపిల్ 2తో పాటు మాడ్యులేటర్ ఇవ్వలేదు. దాన్ని వేరే చిన్న కంపెనీ 'సూపర్ మాడ్' పేరుతో విడిగా అమ్మింది. కాబట్టి అనుమతి బాధ ఆపిల్ మీద పడలేదు. అటారీ కంపెనీ 1979లో తన కంప్యూటర్ల లోపలి భాగాలను మందపాటి అల్యూమినియం పెట్టెలో పెట్టి తరంగాలు బయటికి రాకుండా చేసింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అదే ఏడాది టీఐ-99/4ను సొంత తెరతో కలిపి 1,150 డాలర్లకు అమ్మింది. అంత ధర పెట్టి కొనేవాళ్లు తక్కువే. 1981లో దాన్నే మార్చి, తెర లేకుండా 525 డాలర్లకు తెచ్చారు. తెర అరువు దొరికితే ధర ఎంత దిగుతుందో ఈ రెండు అంకెలే చెప్తాయి.

అరువుకు కట్టిన వడ్డీ

ఏ అరువూ ఊరికే రాదు. టీవీని దూరంగా కూర్చుని మనుషుల మొహాలు చూడడానికి చేశారు, దగ్గర కూర్చుని అక్షరాలు చదవడానికి కాదు. ఆఫీసు కంప్యూటర్లలో వరుసకు 80 అక్షరాలుంటే, టీవీ మీద అన్ని పెడితే అలుక్కుపోయేవి. అందుకే ఇంటి కంప్యూటర్లు 40 దగ్గర, 32 దగ్గర ఆగిపోయాయి. మొదటి కొన్నింటిలో చిన్న బడి అక్షరాలు కూడా లేవు, ఇంగ్లిష్ పెద్ద బడే. ఇంకొకటి, పాత టీవీలు బొమ్మ అంచులను చట్రం వెనక దాచేసేవి. అక్షరాలు ఆ అంచుల్లోకి పోకుండా తెర చుట్టూ ఖాళీ పట్టీ వదిలేవాళ్లు. పాత కంప్యూటర్ బొమ్మల్లో చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది కదా, అందంకోసం అని అనుకుంటాం. అది టీవీ తినేసే భాగం.

ఈ వడ్డీని అందరికంటే బాగా లెక్క కట్టింది బ్రిటన్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ. 1980లో జెడ్‌ఎక్స్80 కంప్యూటర్‌ను 99.95 పౌండ్లకు, మనమే బిగించుకుంటే 79.95 పౌండ్లకు ఇచ్చారు. తెరకు టీవీ, ప్రోగ్రాం దాచుకోవడానికి ఇంట్లో పాటలు వినే టేప్ రికార్డర్. రెండూ అరువే. దాని చిప్ ఒకేసారి లెక్క చేసి, బొమ్మ కూడా చూపించలేదు. లెక్క చేస్తున్నంతసేపు తెర ఖాళీ అయిపోయేది. మీట నొక్కిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం ఎగిరిపడేది. 1981లో వచ్చిన జెడ్‌ఎక్స్81 ధర 69.95 పౌండ్లు, విడిభాగాలైతే 49.95. ఇది నెమ్మదిగానైనా రెండు పనులూ చేయగలిగింది. దాని మెమరీ మొత్తం 1,024 బైట్లు. తెర నిండా రాస్తే 32 ఇంటూ 24, అంటే 768 బైట్లు తెరకే పోతాయి. మిగిలిన దాంట్లో ప్రోగ్రాం రాయాలి. మనం ఒక్క వాట్సాప్ మెసేజ్‌కు అంతకంటే ఎక్కువ వాడతాం. అయినా అది 15 లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ తర్వాత 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ దాన్ని కూడా దాటేసింది.

అదే దేశంలో బీబీసీ ప్రజా ప్రసార సంస్థగా ఇంకో పని చేసింది. 1982 జనవరిలో జనానికి కంప్యూటర్ నేర్పే టీవీ కార్యక్రమం మొదలుపెట్టింది. దానికి తోడుగా ఏకార్న్ కంపెనీ చేత బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ చేయించింది. బడులకు పోయింది ఎక్కువగా ఇదే. అదే టీవీలో పాఠం వినడం, ప్రోగ్రాం అయిపోయాక ఛానల్ తిప్పి అదే టీవీ మీద చేసి చూడడం. ఒక తరం పిల్లలు అట్ల నేర్చుకున్నారు. ఇంట్లో ఉన్నది ఒక్క టీవీ కాబట్టి నాయిన వార్తలు చూస్తానంటే కొడుకు కంప్యూటర్ కట్టేయాల్సిందే. తెర ఎవరి చేతిలో ఉంటే సమయం వాళ్లది. ఈ ముచ్చట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తది.

ఆ సమయంలో మనం ఎక్కడున్నాం?

మన దగ్గర తెలివి లేక ఆగలేదు. హైదరాబాద్‌లో 1967లో పెట్టిన ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తెచ్చింది. అదే కంపెనీ తర్వాత టీవీలు కూడా తయారు చేసింది. అంటే కంప్యూటర్, టీవీ రెండూ మన రాష్ట్రంలో ఒకే ఫ్యాక్టరీ గేటులోంచి బయటికొచ్చాయి. కానీ కంప్యూటర్ పెద్ద సంస్థలకు పోయింది, టీవీ పట్నం ఇళ్లకు పోయింది.

ఊర్లకు టీవీ వచ్చిన ఒక గొప్ప సంవత్సరం ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా 'సైట్' అనే ప్రయోగం జరిగింది. ఇస్రో, అమెరికా నాసా కలిసి ఏటీఎస్-6 అనే ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊర్లకు నేరుగా కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూటికి కట్టే జాలీ లాంటి వైరు మెష్‌తో చేసిన గొడుగు యాంటెన్నా, బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో ఒక టీవీ. రోజుకు సుమారు నాలుగు గంటలు, పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం. తెలుగులో కూడా వచ్చాయి. ఒప్పందం ప్రకారం ఏడాది కాగానే ఉపగ్రహాన్ని పక్కకు జరిపేశారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది, కానీ దాని టవర్ తరంగాలు అందేది చుట్టుపక్కలకే. గుట్టల మధ్య ఉన్న మన గూడేలకు అది అందే మాటే లేదు. చాలాచోట్ల కరెంటే లేదు.

ఆ లెక్క ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1982లో బ్రిటన్ పిల్లవాడు ఇంట్లో టీవీకి వైరు గుచ్చి ప్రోగ్రాం రాస్తున్నాడు. మన తాతల కాలంలో మొత్తం ఊరికి ఒక్క టీవీ రావడమే వార్త. వాడు ఇంట్లోనే అరువు తీసుకున్నాడు. మనోళ్లకు అరువిచ్చే ఇల్లే లేదు.

1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టి బడుల్లో కంప్యూటర్ చదువు తెచ్చింది. అందుకు ఎంచుకున్నది అదే బీబీసీ మైక్రో. మొదట తీసుకున్నవి దేశం మొత్తం మీద సుమారు 250 బడులు. ఇంత పెద్ద దేశంలో 250 అంటే ఆశ్రమ పాఠశాల దాకా ఎప్పుడు రావాలె? ఇంకో సంగతి కూడా ఉంది. బ్రిటన్‌లో బడిలో నేర్చుకున్నది ఇంటికి పోయి టీవీ మీద చేసుకోవచ్చు. ఇక్కడ బడి గంట కొట్టిందంటే కంప్యూటర్ చదువు కూడా అయిపోయినట్టే.

విడిపోవడం, మళ్లీ కలవడం

1981లో ఐబీఎం పీసీ వచ్చాక దారులు వేరయ్యాయి. ఆఫీసు పనికి 80 అక్షరాలు స్పష్టంగా కావాలి. అందుకు టీవీ పనికిరాదని ప్రత్యేక మానిటర్లు పెరిగాయి. 1987లో వచ్చిన వీజీఏ, అదే మన ల్యాబుల్లో కనిపించే నీలం పిన్ను, ఆ రెండింటినీ పూర్తిగా వేరు చేసింది. కంప్యూటర్ అంటే టేబుల్, మానిటర్, ఏసీ గది, చెప్పులు బయట విడవడం అనే పద్ధతి అప్పుడు స్థిరపడింది. టీవీకి తగిలించేవి ఆట డబ్బాలే మిగిలాయి. మన సంతల్లో, ఎగ్జిబిషన్లలో అమ్మిన చైనా వీడియో గేములు గుర్తున్నాయా? పసుపు పిన్ను టీవీకి గుచ్చి, పైన క్యాసెట్ పెట్టేవి. వాటి లోపల ఉన్నది 1975లో పుట్టిన 6502 చిప్ వంశమే. ఆపిల్ 1లో, బీబీసీ మైక్రోలో పని చేసింది కూడా ఆ చిప్పే. కొన్నింటికి కీబోర్డు కూడా ఇచ్చారు. అంటే కంప్యూటర్ మారువేషంలో ఆట బొమ్మగా మన దగ్గరికి వచ్చింది, కానీ అది కంప్యూటర్ అని మనకు చెప్పినోళ్లు లేరు.

తర్వాత బరువైన డబ్బా టీవీలు పోయి పల్చటి టీవీలు వచ్చాయి. వాటి లోపలి తెర, మానిటర్ లోపలి తెర ఒకే జాతి. 2002 చివర్లో హెచ్‌డీఎంఐ నియమాలు ఖరారయ్యాయి. బొమ్మ, శబ్దం రెండూ ఒకే వైరులో. మాడ్యులేటర్ అక్కర్లేదు, ఛానల్ తిప్పక్కర్లేదు. విడిపోయిన అన్నదమ్ములు మళ్లీ ఒక్క కప్పు కిందికి వచ్చారు.

2012 ఫిబ్రవరి 29న కేంబ్రిడ్జ్ వాళ్లు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ విడుదల చేశారు. ధర 35 డాలర్లు, సైజు ఏటీఎం కార్డంత. కొత్త టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రం, పాత టీవీకి పసుపు పిన్ను, రెండూ ఇచ్చారు. దాని రకాలకు 'మోడల్ ఏ', 'మోడల్ బీ' అని బీబీసీ మైక్రో పేర్లే పెట్టారు. పాత ఉపాయమే మళ్లీ వచ్చింది. తెర మీది, కంప్యూటర్ మాది.

తెర మీద మన అక్షరం

ఒక్కో అక్షరానికి అటు 8 చుక్కలు, ఇటు 8 చుక్కలు ఇచ్చిన ఆ తెర మీద ఇంగ్లిష్ అక్షరం సరిపోయింది. మన తెలుగు 'స్త్ర' ఎట్ల పడుతుంది? పైన తలకట్టు, కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు. అరువు తెర చవకైనదే, కానీ అది ఇంగ్లిష్ కొలతకు కుట్టిన చొక్కా. 1980ల్లో పూణే సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డుతో పీసీల మీద భారతీయ లిపులు వచ్చాయి. 1991లో యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగు ఉంది. మన లిపుల వంతు ఎంతో ఆలస్యంగా వచ్చింది. సవర భాషకు పుట్టిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో, మసరం గోండి 2017లో, మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల పేరు మోస్తున్న గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. ఇప్పుడు తెర పెద్దది, చుక్కలు లక్షల్లో ఉన్నాయి. మన అక్షరం అందులో పడుతుంది. కొట్టే చేతులే కావాలె.

ఇప్పుడు హాస్టళ్ల సంగతి

ఇప్పుడు మన లెక్క తిరగబడింది. అప్పుడు మనకు టీవీ లేదు. ఇప్పుడు చాలా హాస్టళ్లలో డైనింగ్ హాల్ గోడకు టీవీ ఉంది, కంప్యూటరే లేదు. ఉన్న రెండు మూడు సీపీయూలు మానిటర్ పోయిందని మూలకు పడి ఉంటాయి. ఇటు చూస్తే ఆర్‌ఆర్‌బీ, ఎస్‌ఎస్‌సీ పరీక్షలు కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి. మౌస్‌ను మొదటిసారి పరీక్ష హాల్లోనే పట్టుకున్న అన్నలు మన మధ్యనే ఉన్నారు. జవాబు తెలిసి కూడా, ఎక్కడ నొక్కాలో వెతుక్కుంటూ సమయం పోగొట్టుకున్నారు. ఇది తెలివి సమస్య కాదు, తెర సమస్య.

మేము ఉన్న హాస్టల్లో పాత సీపీయూ ఒకటి తుడిచి, టీవీకి తగిలించి నాలుగు ఆదివారాలు నడిపినం. తొమ్మిదో తరగతి తమ్ముళ్ల నుంచి డిగ్రీ వాళ్ల దాకా వంతులేసుకున్నం. పెద్ద తెర కాబట్టి ఒకరు కొడుతుంటే ఇరవై మంది చూసి నేర్చుకున్నరు. లాప్‌టాప్ ముందు అది కుదరదు. ఒక తమ్ముడు తన అమ్మ పేరు తెలుగులో కొట్టి అంత పెద్దగా గోడ మీద చూసుకుని నవ్విన నవ్వు మేం మర్చిపోం. ఐదో ఆదివారం క్రికెట్ ఉంది. పెద్దలు రిమోట్ అడిగారు, ఇచ్చేసినం. బ్రిటన్‌లో నాయిన వార్తల కథే ఇక్కడా. అందుకే మేం అడిగేది వైరు ఒక్కటే కాదు, టీవీ మీద కొంత సమయం కూడా.

చేయాలనుకునేవాళ్లకు పనికొచ్చే మాటలు:

మీ టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందా చూడండి. కొన్ని టీవీలకు నీలం వీజీఏ రంధ్రం కూడా ఉంటుంది, అదుంటే పాత సీపీయూకు మామూలు మానిటర్ వైరే చాలు.

సీపీయూకు వీజీఏ, టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటే మధ్యలో కన్వర్టర్ కావాలి. షాపులో "వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి" అని గట్టిగా చెప్పండి. "హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి" అనేది వేరే వస్తువు, తిరగేసి పెడితే పని చేయదు. వీజీఏలో శబ్దం రాదు, దానికి వేరే వైరు ఉండాలి.

అంచుల్లో అక్షరాలు తెగిపోతే కంప్యూటర్ పాడైందని భయపడొద్దు. అది పాత టీవీల అలవాటే, కొత్త టీవీలు కూడా వదల్లేదు. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో 'జస్ట్ స్కాన్' అనో 'స్క్రీన్ ఫిట్' అనో ఉంటుంది, అది పెట్టండి. మౌస్ ఆలస్యంగా కదులుతుంటే 'గేమ్ మోడ్' పెట్టండి. అక్షరాల సైజు పెంచుకోండి, దూరం నుంచి చదవాలి కదా.

ఇక అడగాల్సిన మాట. ప్రతి హాస్టల్ కమిటీలో ఒక తీర్మానం రాయించండి. మూలకు పడిన సీపీయూల్లో నడిచేవి ఎన్నో లెక్క తీయాలని, టీవీకి ఒక కీబోర్డు, ఒక మౌస్, ఒక వైరు ఇవ్వాలని, వారానికి కనీసం మూడు సాయంత్రాలు టీవీని కంప్యూటర్‌కు కేటాయించాలని. ఆడపిల్లల హాస్టళ్లలో ఇది ముందు జరగాలి, బయట ఇంటర్నెట్ సెంటర్‌కు పొద్దుపోయాక పోయే వీలు వాళ్లకు ఇంకా తక్కువ. ఇది కొత్త బడ్జెట్ అడిగే కోరిక కాదు. ఉన్న తెరను, ఉన్న పెట్టెను కలపమని అడగడమే.

పేదోళ్ల ఇంటికి కంప్యూటర్ వచ్చిన ప్రతిసారీ అరువు తెర మీదే వచ్చిందని చరిత్ర చెప్తోంది. యాభై ఏళ్ల కింద మన దగ్గర అరువు తీసుకోవడానికి తెర లేదు, ఇప్పుడు ఉంది. మీ హాస్టల్ టీవీకి ఏ రంధ్రాలున్నాయో, పనికొచ్చే సీపీయూలు ఎన్నున్నాయో కింద రాయండి. జిల్లాల వారీగా ఒక పట్టిక మేం తయారు చేస్తం. ఆ పట్టిక పట్టుకునే అధికారుల దగ్గరికి పోదాం.

జై ఆదివాసీ. జోహార్.